నిండుకున్నాయి

ఆవు వెనక గోడమీద వాలిన దోమ పైకి ఆదిమూలం టార్చిలైటు వేశాడు. గాజుగొట్టం మూతిని మెల్లిగా దానిమీద ఆనించి, రబ్బరుపైపు రెండో కొసను పెదాల మధ్య పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చాడు. దోమ గొట్టంలోకి వచ్చేసింది. పైపు మధ్యలో సన్నటి వలగుడ్డ ఉంటుంది కాబట్టి నోట్లోకి రాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో రెండేసార్లు ఆ గుడ్డ చిరిగింది. ఆ రెండుసార్లూ ఆయన ఇంట్లో చెప్పలేదు.

తెల్లవారుజామున ఐదున్నరైంది. గొల్లగుంటలో చంద్రకాంతమ్మ కొట్టం. వంగి కూర్చుంటే ఎడమ భుజం బరువెక్కుతోంది. నెలరోజులుగా అంతే. గ్యాసనుకుని సోడా తాగుతున్నాడు. ఆయన బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉంటాయి. చూసినవాళ్ళు బీడీలు మానెయ్యమని సలహా ఇస్తారు. ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. దోమల్ని పీల్చీ పీల్చీ అలా అయిందని చెబితే ఎవరూ నమ్మరని, మానేస్తానని మాటిచ్చేవాడు.

జ్వరాల పరిశోధన కేంద్రంలో ఆయన పని దోమలు పట్టడం. ఒక్కో కొట్టంలో పావుగంట వెతకాలి. దొరికినవాటిని గొట్టాల్లో వేసి, దూది బిరడా పెట్టి, చీటీ అంటించి, లెక్క రిజిస్టరులో రాసుకోవాలి. లెక్క ఎటు పోతుందో, దాంతో ఎవరేం చేస్తారో ముప్ఫై ఏళ్ళపాటు ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఉద్యోగం నిలబడటానికి ఆ రెండూ అవసరమే.

"ఏమప్పా దోమలాయనా, ఈపొద్దు ఎన్ని?" చంద్రకాంతమ్మ గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఇరవై మూడమ్మా."

"దినామూ పట్టుకపోతానే ఉండావు. ఒక్కటన్నా తగ్గినట్టు లేదే."

ఆవిడ వెనక గదిలో కోడలు అమల దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. ఏడో నెల. మూడురోజులుగా జ్వరం. ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళలో కూడా జ్వరాలే. చంద్రకాంతమ్మ గొంతు తగ్గించింది.

"మందు కొట్టేవాళ్ళు ఎప్పుడొస్తారప్పా? ఈ పిల్లకేమన్నా అయితే నా కొడుక్కి నేనేం జవాబు చెప్పేది?"

ఈ విడతకి మందు ఒక్క ఊరికే సరిపోతుంది. ఏ ఊరికో ఆరోజు మధ్యాహ్నం మూడు గంటలకి పెద్దాఫీసరు వచ్చి పటం చూసి సంతకం పెడతాడు. ఈ సంగతి ఆదిమూలానికి తెలుసు. నాలుగురోజులుగా ఆయన శిక్షణలో ఉన్నాడు మరి.

"ఈపొద్దు పటం సూసి తేలుస్తారమ్మా. యాడ ఎర్రగుంటే ఆడికి పోతారు. మనది ఎర్రగానే ఉంటాది. నేను పట్టినవి కదా," అన్నాడు. ఆయన ఎవరికైనా మాటివ్వడం, బీడీల సంగతి వదిలేస్తే, చాలా ఏళ్ళ తర్వాత అదే.

అక్కడినుంచి గట్టుమీద నడిచి ఈతమాకులపల్లెకి పోయాడు. కొండవాలు ఊరు. నీళ్ళు నిలవవు. నాలుగు కొట్టాలు వెతికినా ఒక్క దోమ లేదు. చీటీ తీసి, తేదీ రాసి, కింద ఎప్పటిలాగే 'నిండు' అని రాశాడు. ఖాళీ గొట్టానికి అంటించి అంగీ జేబులో వేసుకున్నాడు. రిజిస్టరు సంచీ అడుగున ఉంది, బస్సు మలుపు దగ్గర హారన్ కొడుతోంది. ఆఫీసులో ఎక్కించుకోవచ్చనుకున్నాడు.

ఆ 'నిండు' వెనక ఒక చెంపదెబ్బ ఉంది. ఆయనకి ఆరేళ్ళప్పుడు పక్కింటావిడ వచ్చి చాటెడు బియ్యం అడిగితే, "మాకే లేవు" అన్నాడు. వాళ్ళమ్మ అలివేలమ్మ వెనకనుంచి వచ్చి చెంప పగలగొట్టింది. ఇంట్లో 'లేవు' అనకూడదు, ఇల్లు వింటుంది, 'నిండుకున్నాయి' అనాలి అని చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటివారం రిజిస్టరులో 'లేవు' అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది. 'నిండుకున్నాయి' అని రాశాడు. గడి చిన్నది. రెండో వారానికి అది 'నిండు' అయింది. దోమల విషయంలో కూడా లక్ష్మీదేవి పట్టింపులకి పోతుందా అని ఆయన ఆలోచించలేదు. పట్టింపులు ఆలోచించి పెట్టుకునేవి కావు.

తిరుచానూరు రోడ్డులో ఇంటికొచ్చి స్నానం చేసేసరికి భార్య తిరుమలమ్మ రెండు దోసెలు పోసి పెట్టింది. నెయ్యి గిన్నె దేవుడి గూట్లోకి పోయిందని, కాబట్టి నూనెతోనే తినాలని చెప్పింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ పిలిచింది.

"బియ్యం నిండుకున్నాయి. వచ్చేటప్పుడు ఐదు కిలోలు పట్టుకోని రా."

తలూపాడు.

శిక్షణ పేరు పొడుగ్గా ఉంటుంది. జీవావరణానికీ అంటురోగాలకీ సంబంధించిన లెక్కల్ని బొమ్మలుగా గీసి చూపించడం ఎలా అన్నది దాని సారం. బెంగుళూరునుంచి ప్రసన్నకుమారి మేడం వచ్చి చెబుతోంది. పన్నెండుమందికి మంజూరైంది. పదకొండుమంది పరిశోధక విద్యార్థులు దొరికారు. పన్నెండో టిఫిను వృథా కావడం చూడలేక ఇన్‌చార్జి మునిశేఖర్ ఆదిమూలాన్ని కూర్చోబెట్టాడు.

పదకొండుమందికి లాప్‌టాప్‌లున్నాయి. ఆదిమూలానికి మేడం గ్రాఫు కాగితం, పెన్సిలు, రబ్బరు ఇచ్చింది. మొదటిరోజు కుర్రాళ్ళు రంగులు ఎంచుకున్నారు. రెండోరోజూ రంగులే ఎంచుకున్నారు. పట్టుచీరల కొట్లో ఆడవాళ్ళని ఆడిపోసుకునే మగవాళ్ళంతా ఆ రెండురోజులూ ఒక ఎరుపుకీ ఇంకో ఎరుపుకీ మధ్య నలిగిపోయారు. ఒకాయన పశువుల జ్వరాలమీద గుండ్రటి బొమ్మ గీసి పదిహేడు ముక్కలు చేశాడు. ఏ ముక్క దేనిదో ఆయనకే గుర్తులేక, బొమ్మ బాగా వచ్చింది కాబట్టి అలాగే ఉంచేశాడు.

ఆదిమూలం మాత్రం గొల్లగుంట దోమల్ని నెలవారీగా గీసుకున్నాడు. ఒక గడి ఎత్తు, ఐదు దోమలు. వానలొచ్చిన నెలలో గీత లేచింది. ఎండల్లో పడింది. తను ముప్ఫై ఏళ్ళు పీల్చిన గాలికి ఒక ఆకారం ఉందని ఆయనకి మూడోరోజు సాయంత్రం తెలిసింది. ఆ కాగితాన్ని మడత పడకుండా ఇంటికి తీసుకుపోయి తిరుమలమ్మకి చూపించాడు. ఆవిడ చూసి, కొండ బాగా వేశావంది.

మేడం చెప్పిన వాటిలో ఆయనకి బాగా పట్టింది ఒకటే. "పోయి వెతికినా దొరక్కపోతే సున్నా. అసలు పోకపోతే ఖాళీ. రెండూ ఒకటి కావు. ఖాళీ ఉంటే గీతని తెంచండి. లేని చోట ఉన్నట్టు కలపొద్దు."

ఐదోరోజు, అంటే ఆ శుక్రవారం, పదకొండున్నరకి పటం తెరమీద వేశారు. ఒక్కో ఊరికి ఒక చుక్క. దోమలు తక్కువైతే తెలుపు, ఎక్కువయ్యేకొద్దీ పసుపు, చివరికి అన్నిటికన్నా ఎక్కువున్న ఊరికి ఎరుపు. అందరూ చప్పట్లు కొట్టారు. మునిశేఖర్ ముందురోజే దాన్ని గోడంత ఫ్లెక్సీ మీద అచ్చేయించి, కింద తన పేరు పటం కన్నా కొంచెం చిన్నగా వేయించుకున్నాడు.

ఆదిమూలం కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. ఈతమాకులపల్లె కుంకుమ ముద్దలా ఎర్రగా ఉంది. గొల్లగుంట లేతపసుపు. మజ్జిగపులుసు రంగు.

బయటికొచ్చి లోహిత గదికి పోయాడు. ఆయన రిజిస్టర్లని కంప్యూటర్లోకి ఎక్కించేది ఆ పిల్లే. కాంట్రాక్టు ఉద్యోగం, వచ్చే నెల మళ్ళీ రాసుకోవాలి. ఈతమాకులపల్లెలో దోమలు యాడివి పాపా అని అడిగాడు. లోహిత రిజిస్టరు తిప్పి గడిమీద వేలు పెట్టింది.

"నువ్వే కదా పెద్దాయనా నిండు అని రాసినావు. నిండు అంటే ఫుల్లు కదా. గొట్టంలో ఎన్ని పడతాయని మునిశేఖర్ సార్ని అడిగితే, ఫోన్ సూసుకుంటా యాభై అన్నాడు. నిండు ఉన్నకాడంతా యాభై కొట్టినా."

ఆదిమూలం కుర్చీలో కూర్చున్నాడు.

"నిండు అంటే నిండుకున్నాయని పాపా."

లోహిత రెండు క్షణాలు చూసింది. తర్వాత ఆ పిల్ల మొహంలో రంగు పటంకన్నా వేగంగా తెల్లబడింది. వాళ్ళింట్లోనూ ఉప్పు నిండుకుంటుంది, పప్పు నిండుకుంటుంది. నోటితో అన్న మాట కాగితం మీదికొస్తే గుర్తుపట్టలేకపోయింది. మూడేళ్ళ లెక్క. ఎన్ని నిండులో వెతికితే కంప్యూటరు నూట ఎనభై ఆరు అని చెప్పింది.

"సార్‌కి తెలిస్తే నన్ను తీసేస్తాడు పెద్దాయనా. ఇంకెవురికీ తెలీదు. ఇడిసిపెట్టేద్దామా?"

ఆమె ఏడుపు ఆపుకుంటూ అడిగింది. చంద్రకాంతమ్మకి చెప్పిన మాట ఆయన చెవిలో ఆయన గొంతుతోనే వినబడుతోంది. మనది ఎర్రగానే ఉంటాది. నేను పట్టినవి కదా.

తిరిగి హాల్లోకి వచ్చి, ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఒక మీటింగులో లేచి నిలబడ్డాడు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"పటం తప్పు సార్. ఈతమాకులపల్లెలో దోమల్లేవు."

'లేవు' అన్నందుకు నాలుక కరుచుకున్నాడు. తర్వాత అంతా చెప్పాడు. లోహిత పేరు ఎత్తలేదు. తను అర్థంకాని మాట రాశానని, తప్పు తన చేతిరాతదని చెప్పాడు. పదకొండుమందీ నవ్వారు. పదిహేడు ముక్కలాయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

"దోమలకు గూడా లచ్చిందేవి ఉంటాదాప్పా?" అన్నాడు మునిశేఖర్. తర్వాత నవ్వాపి, ఫ్లెక్సీ అచ్చయిపోయిందని, ఇప్పుడు మారిస్తే పెద్దాఫీసరు ముందు పరువు పోతుందని, వచ్చే విడతలో చూసుకుందామని సర్దిచెప్పబోయాడు. ఊళ్ళు ఎక్కడికీ పోవు కదా అన్నాడు.

ప్రసన్నకుమారి నవ్వలేదు. ఆవిడది చిత్తూరు. వాళ్ళమ్మ చనిపోయే ముందు రోజు కూడా మందులు నిండుకున్నాయనే అందట. ఆ మాట ఆవిడ పెద్దగా చెప్పలేదు, తెర వైపు తిరిగి తనలో తను చెప్పుకున్నట్టు చెప్పింది. తర్వాత మునిశేఖర్ వైపు తిరిగి, తప్పని తెలిశాక ఆ పటం మీద తన పేరు ఉండటానికి వీల్లేదంది.

పేర్ల దగ్గరికొచ్చేసరికి మునిశేఖర్ మెత్తబడ్డాడు. కాకపోతే ఆయనకి రూల్సున్నాయి. రిజిస్టరు దిద్దకుండా కంప్యూటరు దిద్దకూడదు. రాసినవాడే ప్రతి 'నిండు' పక్కనా ఎర్రసిరాతో సున్నా చుట్టి, సంతకం పెట్టాలి. మూడులోపల.

అప్పుడు పన్నెండున్నర. అందరూ భోజనాలకి లేచారు. చివరిరోజు కాబట్టి పాయసం ఉంది.

ఆదిమూలం ఎర్రపెన్ను తీసుకుని లోహిత గదిలో కూర్చున్నాడు. మొదటి 'నిండు' పక్కన పెన్ను ఆనించి చాలాసేపు ఆగాడు. ఇంట్లో బియ్యం డబ్బా ఏ స్థితిలో ఉందో ఆయనకి తెలుసు. చెంప చురుక్కుమన్నట్టయింది. సున్నా చుట్టాడు. చిన్నది, ఆవగింజంత. పక్కన సంతకం పెట్టాడు. లోహిత పేజీ తిప్పింది. రెండోది చుట్టాడు. ఇరవై దాటేసరికి సున్నాలు పెద్దవయ్యాయి. యాభై దాటేసరికి చెయ్యి దానంతటదే తిరగడం మొదలెట్టింది. ఒకచోట అలవాటుకొద్దీ పక్కన మళ్ళీ 'నిండు' అని రాస్తే లోహిత కొట్టేయించింది.

"సోడా తెచ్చేదా పెద్దాయనా? మొగమంతా సెమట్లు పట్టిండాది."

"గ్యాసులే పాపా. పేజీ తిప్పు."

నూట ఎనభై ఆరో సున్నా చుట్టేసరికి రెండూ యాభై. అన్నం తినలేదు. మేడం లెక్కలు మార్చి పటాన్ని మళ్ళీ వేసింది. కుంకుమ ముద్ద చూస్తుండగానే తెల్లారిపోయింది. దాని పక్కన మజ్జిగపులుసు మెల్లిగా మిరపపండయింది. ఆదిమూలం ఆ చుక్కని చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాయసం తిన్నవాళ్ళకి మధ్యాహ్నం చప్పట్లు కష్టం.

పెద్దాఫీసరు మూడుకి రావలసినవాడు నాలుగుంబావుకి వచ్చాడు. తెరమీద పటం చూశాడు. గొల్లగుంట అని కాగితంమీద రాసి సంతకం పెట్టాడు. జీడిపప్పు తిన్నాడు. ఫొటో ఫ్లెక్సీ ముందే తీయాలి కాబట్టి మునిశేఖర్ ఒక ఉపాయం చేశాడు. విద్యార్థుల్లో అందరికన్నా పొడుగైనవాణ్ణి ఈతమాకులపల్లెకి అడ్డంగా నిలబెట్టాడు. ఫొటోలో ఆదిమూలానికి కూడా చోటిచ్చారు. కుడిచివర సగం భుజం పడింది.

ఐదింటికి బయటపడ్డాడు. కొట్లో ఐదు కిలోల బియ్యం కట్టించుకున్నాడు. కొట్టువాడు ఇంకేమన్నా కావాలా అంటే, చంద్రకాంతమ్మ కొట్టంలోకి సోమవారం మందు కొట్టేవాళ్ళు వస్తున్నారని చెప్పాలనిపించింది. కానీ కొట్టువాడికి చంద్రకాంతమ్మ ఎవరో తెలీదు. ఒక సోడా ఇమ్మన్నాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. అది ఆయనకి అంత తరచుగా జరిగే సంగతి కాదు. బియ్యం సంచీ ఒళ్ళో పెట్టుకుని రెండుచేతులూ దానిమీద వేశాడు. తల కిటికీకి ఆనించాడు. తిరుచానూరు దగ్గర పూలగంపలతో ఆడవాళ్ళు ఎక్కారు. ఒకావిడ కాస్త జరగమని అడిగింది. ఆయన జరగలేదు. ఈ కాలం మగవాళ్ళకి మర్యాద తెలీదంటూ ఆవిడ నిలబడే పోయింది. చివరి స్టాపులో అందరూ దిగారు. కండక్టరు భుజం తట్టి, "పెద్దాయనా, దిగాల," అన్నాడు. రెండోసారి తట్టాక చెయ్యి వెనక్కి తీసుకుని డ్రైవర్ని పిలిచాడు.

ఆ బియ్యమే మర్నాడు వచ్చినవాళ్ళకి వండారు.

సోమవారం గొల్లగుంటలో మందు కొట్టారు. చంద్రకాంతమ్మ గిన్నెలన్నీ బోర్లించి వాకిట్లో నిలబడి, దోమలాయన ఏడని అడిగిందట. కొట్టేవాళ్ళకి తెలీదు. అమలని పెద్దాసుపత్రిలో చేర్చారని, జ్వరం దిగుతోందని, బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారని వాళ్ళు వచ్చి చెప్పారు. ఆ శుక్రవారం తర్వాత ఏ ఊళ్ళోనూ దోమలు పట్టేవాళ్ళు లేరు. లోహిత ఆ తేదీల గడుల్లో ఏమీ కొట్టలేదు. తెరమీద గొల్లగుంట గీత శుక్రవారం దాకా వచ్చి తెగిపోయింది. కలపమంటారా అని కంప్యూటరు అడిగింది. వద్దని నొక్కింది.

పదమూడోరోజున తిరుమలమ్మ ఆయన సంచీ తీసుకుని ఆఫీసుకొచ్చింది. సామాన్లు అప్పజెప్పకపోతే కాగితాలు కదలవని కబురు పోయింది మరి. మునిశేఖర్ ఆవిడకి కుర్చీ వేయించి, చేతులు కట్టుకుని, చాలా మంచి మనిషని చెప్పాడు.

"ఏం జేస్తామమ్మా. నూరేళ్ళూ నిండినాయి."

"యాభై ఎనిమిదే సార్," అంది తిరుమలమ్మ.

పక్కబల్ల దగ్గర లోహిత తలెత్తింది.

మునిశేఖర్ జాబితా తీశాడు. టార్చిలైటు ఒకటి. రబ్బరుపైపు ఒకటి. రిజిస్టరు ఒకటి. గాజుగొట్టాలు ఆరు. లెక్కపెడితే ఐదే వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. తనకేం పట్టింపు లేదని, పైవాళ్ళు ఒప్పుకోరని చెప్పాడు.

తిరుమలమ్మ కొంగుముడి విప్పింది.

"అంగీ జేబులో ఉండె సార్. ఏదో మందనుకోని తీసిపెట్టినా."

మునిశేఖర్ దాన్ని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. లోపల ఏమీ లేదు. ఖాళీ అని చెప్పి, జాబితాలో ఆరుకి టిక్కు పెట్టి, గొట్టాన్ని లోహిత బల్లమీద పెట్టాడు. దూది బిరడా ఇంకా తెల్లగానే ఉంది. చీటీ ఒక మూల కొంచెం ఊడింది. దానిమీద ఈతమాకులపల్లె పేరు, ఆ శుక్రవారం తేదీ, వాటి కింద ఆయన గుండ్రటి చేతిరాతలో, పక్కన సున్నా లేకుండా, 'నిండు' అని ఉంది.